లిఫ్ట్ చేసిన జిమ్నీకి స్టీరింగ్ డాంపర్ మార్చాలా, లోపం మరో చోట ఉందా?

సాగర్ రోడ్డు, నల్లగొండ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాది ఐదు తలుపుల మారుతి జిమ్నీ, 2023లో కొన్నాను. మేము ఉండేది నల్లగొండలో, బత్తాయి తోట దేవరకొండ వైపు. తారు రోడ్డు దిగిన తరువాత తోట దాకా నాలుగు కిలోమీటర్ల బండ్లబాట ఉంది. వానాకాలంలో ట్రాక్టర్లు తిరిగి గాళ్లు లోతు కావడంతో, మధ్యలోని మిట్ట బండి అడుగుకు తగిలేది. అందుకని పోయిన ఉగాది తరువాత రెండు అంగుళాల లిఫ్ట్ (స్ప్రింగులతో బండి ఎత్తు పెంచడం) చేయించి, కంపెనీ ఇచ్చిన 195/80 ఆర్15 టైర్లు తీసేసి 215/75 ఆర్15 టైర్లు వేయించాను.

నాలుగైదు నెలలు ఏ ఇబ్బందీ రాలేదు. మూడు వారాల కిందట అమ్మను ఎక్కించుకొని మిర్యాలగూడ నుంచి తిరిగి వస్తూ, అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద ఒక వంతెన జాయింటును 70 కిలోమీటర్ల వేగంతో దాటాను. ఎడమ ముందు చక్రం దబ్బున తగిలింది. వెంటనే స్టీరింగ్ నా చేతుల్లో కుడికీ ఎడమకూ కొట్టుకోవడం మొదలైంది. నేను చెబుతున్నది వణుకు గురించి కాదు. బండి ముందు భాగమంతా ఎవరో రెండు వైపులా పట్టి ఊపుతున్నట్టు ఊగింది, నా బొటనవేళ్లు స్టీరింగ్ కమ్మీలకు తగిలి రెండు రోజులు వాచి ఉన్నాయి. బ్రేకు గట్టిగా తొక్కితే ఊపు ఇంకా పెరిగింది. వేగం 40కి దిగిన తరువాత గానీ ఆగలేదు. అమ్మ ఇల్లు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తరువాత నేను ఒక్కడినే వెళ్లినప్పుడు ఇంకా రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ రోడ్డు మీద ఏదో ఒక దెబ్బ తగిలిన తరువాతనే.

లిఫ్ట్ చేసిన గ్యారేజీకే తీసుకువెళ్లాను. వారు స్టీరింగ్ డాంపర్ (రోడ్డు దెబ్బలు చేతికి రాకుండా మింగే గొట్టం) మీది నూనె చెమ్మను చూపించి, ఇది పాడైందని, లిఫ్ట్ చేసిన బండికి ఒక్క డాంపర్ చాలదని, రెండు గ్యాస్ డాంపర్లు ఉన్న కిట్టు వేస్తే సమస్య ఉండదని చెప్పి 18,000 రూపాయలు అడిగారు. మలుపు తిరిగిన తరువాత స్టీరింగ్ మునుపటిలా దానంతట అది మధ్యకు రావడం లేదని నేను చెప్పినా, దానికి వారి నుంచి సరైన జవాబు రాలేదు.

డాంపర్ మారిస్తే ఇది నిజంగా పోతుందా, మార్చవలసి వస్తే కంపెనీ డాంపర్ చాలా, అంతకంటే ముందు చూడవలసినది ఏమైనా ఉందా అన్నది తెలిసినవారు చెప్పగలరు. డబ్బు కంటే ఎక్కువగా నన్ను బాధిస్తున్న సంగతి ఏమిటంటే, మార్పించిన తరువాత కూడా అమ్మను ధైర్యంగా ఎక్కించుకోగలనా అన్నది.

పాలమూరు పాత జిప్సీ, మహబూబ్‌నగర్

సాగర్ రోడ్డు గారూ, డాంపర్ సంగతి తరువాత చూద్దాం. ఆ ఊపు మళ్లీ వస్తే మాత్రం బ్రేకు గట్టిగా తొక్కకండి. బరువంతా ముందు ఇరుసు మీదికి వచ్చి ఊపు పెరుగుతుంది, మీకు జరిగింది అదే. యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీయండి, బొటనవేళ్లను చక్రం లోపలికి పోనీయకుండా అంచు మీదనే ఉంచి గట్టిగా పట్టుకోండి, వెనుక వచ్చే బండ్లను అద్దంలో చూసుకుంటూ మెల్లగా పక్కకు తీయండి. లోపం దొరికేదాకా 50 దాటకండి, అమ్మగారిని ఎక్కించుకొని పెద్ద రోడ్డు ఎక్కకండి.

ఇక డాంపర్. అది షాక్ అబ్సార్బర్ లాంటి నూనె గొట్టం. లోపలి నూనె సన్నని రంధ్రాల గుండా పోవాలి కాబట్టి, కడ్డీని మెల్లగా జరిపితే దారి ఇస్తుంది, ఒక్కసారిగా కొడితే అడ్డుపడుతుంది. చెరువులో చేయి మెల్లగా ఆడిస్తే నీళ్లు పక్కకు తప్పుకుంటాయి, అరచేత్తో చరిస్తే అదే నీళ్లు చేతికి మంట పుట్టిస్తాయి. డాంపర్ పని తీరు అంతే. మీరు స్టీరింగ్ తిప్పినప్పుడు అది ఉన్నట్టే తెలియదు, రాయి తగిలి చక్రం ఒక్కసారి విదిలించినప్పుడు ఆ విదిలింపును చేతిదాకా రానీయకుండా మింగుతుంది. దాని పని అంతవరకే. చక్రాలను తిన్నగా ఉంచడం, స్టీరింగ్‌ను మధ్యకు తేవడం దాని పనులు కావు. కాబట్టి మీ స్టీరింగ్ మధ్యకు రాకపోవడానికి పాత డాంపర్ కారణం కాదు.

జిమ్నీ ముందు ఇరుసు ఒకే కడ్డీ. ఎడమ చక్రానికి తగిలిన దెబ్బ ఇరుసు గుండా, రెండు చక్రాలను కలిపే టై రాడ్ గుండా కుడి చక్రానికి పోతుంది. ఆ దారిలో ఎక్కడైనా కొంచెం లూజు ఉంటే, చక్రాలు ఒక పక్కకు కొట్టుకొని, ఆ లూజు చివరిదాకా వెళ్లి, అక్కడి నుంచి ఎగిరి రెండో పక్కకు కొట్టుకుంటాయి. ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా ఆ క్షణంలోనే తోస్తే ఎట్లా ఎత్తు పెరుగుతుందో, బండి వేగం ఆ ఊపుకు కలిసి వచ్చినప్పుడు అది అట్లా పెరుగుతుంది. వేగం తగ్గితే ఆ కలయిక తప్పుతుంది, అందుకే 40 దగ్గర ఆగింది. కొత్త డాంపర్ వేస్తే ఈ ఊపును కొన్నాళ్లు అణచి ఉంచుతుంది. లూజు మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది, డాంపర్ కూడా ఆ బరువుకు త్వరగా చెడిపోతుంది. రెండు డాంపర్లు వేస్తే ఇంకొన్నాళ్లు ఎక్కువ దాస్తాయి, అప్పటికి లూజు ఇంకా పెద్దదవుతుంది. నా భయం అక్కడే.

ఇది నేను చదివి చెబుతున్నది కాదు. పన్నెండేళ్ల కిందట నా జిప్సీకి ఇదే జబ్బు వచ్చినప్పుడు, ఏడాదిన్నరలో మూడు డాంపర్లు మార్చాను. ప్రతిసారీ రెండు మూడు నెలలు బాగుండేది, తరువాత మళ్లీ మొదలయ్యేది. చివరికి ఒక ముసలి మిస్త్రీ కింగ్ పిన్ (చక్రం పక్కలకు తిరిగే కీలు) బేరింగులు విప్పించాడు. బేరింగ్ గిన్నెను కిరోసిన్‌తో కడిగి నా చేతికి ఇచ్చి, లోపల గోరుతో గీయమన్నాడు. రోలర్లు నిలిచిన చోటల్లా వరుసగా అచ్చు గుద్దినట్టు గాట్లు పడి ఉన్నాయి, ఒక్కొక్క గాటు గోటికి టక్కు టక్కుమని తగిలింది. నాలుగు బేరింగులు, సీళ్లు మార్చి, షిమ్ములు (బిగువు సర్దే పలుచని రేకులు) సరిచేసిన తరువాత మళ్లీ ఆ ఊపు చూడలేదు. అప్పుడు వేసి ఉన్న మూడో డాంపరే ఈనాటికీ ఉంది.

మీరు చూడవలసిన పద్ధతి చెబుతాను. మొదటి పరీక్షలో బండి నాలుగు చక్రాల మీదనే నిలబడి ఉండాలి, జాకీ పెట్టకూడదు. ఇంజన్ ఆన్ చేసి, ఒకరు లోపల కూర్చొని స్టీరింగ్‌ను కుడికీ ఎడమకూ బెత్తెడు మేర చకచకా ఆడిస్తూ ఉండాలి, ఇంకొకరు టార్చిలైటు వేసి కింద ఒక్కొక్క కీలు మీద చేయి వేసి చూడాలి. చక్రాలకు ఎదురుగా కాకుండా పక్క నుంచి చూడాలి, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి. అన్నింటికంటే ముందు లేటరల్ రాడ్ చూడండి. పాన్‌హార్డ్ రాడ్ అనేది కూడా దీన్నే. ఇరుసు పక్కకు జరగకుండా చాసిస్‌కు పట్టి ఉంచేది ఈ ఒక్క కడ్డీ మాత్రమే. నా జిప్సీకి కమాన్ కట్టలు ఉన్నాయి కాబట్టి ఆ పని కట్టలే చేస్తాయి, మీ జిమ్నీకి కాయిల్ స్ప్రింగులు కాబట్టి భారమంతా ఆ కడ్డీ రెండు కొనల బుష్‌ల (రబ్బరు పట్టిన ఇనుప గొట్టాల) మీదనే. కొనను వేళ్లతో పట్టుకుంటే బోల్టు రంధ్రంలో ఆడుతున్నది కంటికి కనబడక పోయినా వేలికి తెలుస్తుంది. ఆ తరువాత డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రానికి పోయే కడ్డీ) కొనలు, టై రాడ్ ఎండ్లు, స్టీరింగ్ బాక్సును చాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు.

తరువాత ముందు ఇరుసును జాకీ మీద లేపి, స్టాండ్లు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపండి. ఆడితే వీల్ బేరింగ్ అయినా కావాలి, కింగ్ పిన్ బేరింగ్ అయినా కావాలి. రెండింటినీ వేరు చేయాలంటే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. అప్పుడు ఆట పోతే వీల్ బేరింగ్, అప్పటికీ ఆడుతుంటే కింగ్ పిన్. చక్రాన్ని పక్కల పట్టుకొని ఊపినప్పుడు ఆడితే టై రాడ్ వైపు చూడండి.

డాంపర్‌ను కూడా విప్పి చేతితో చూడండి, ఆ పరీక్ష రెండు నిమిషాల పని. నిలువుగా పట్టుకొని నాలుగైదుసార్లు పూర్తిగా లాగి నొక్కితే లోపలి గాలి సర్దుకుంటుంది. ఆ తరువాత లాగినా నొక్కినా మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా బిగువు ఉండాలి. మధ్యలో ఎక్కడైనా చేయి జారినట్టు ఖాళీగా పోతే, లేదా కడ్డీ వంగి ఉంటే, లేదా నూనె బొట్టుగా కారుతుంటే అది పోయినట్టే. సీలు దగ్గర దుమ్ము పట్టిన సన్నని చెమ్మ మాత్రమే ఉండి బిగువు బాగుంటే, ఆ చెమ్మను చూసి మార్చవలసిన పని లేదు.

జడ్చర్ల అలైన్‌మెంట్ షెడ్డు

పాత జిప్సీ గారు చెప్పిన వరుసకు నేను ముందు ఒకటి చేరుస్తాను. చక్రాలు విప్పి, లోపలి వైపు రిమ్మును చూడండి. తోటల వైపు తిరిగే బండ్లు మా షెడ్డుకు వచ్చినప్పుడు సగం కంపనం అక్కడే దొరుకుతుంది. తడి చల్క మట్టి రిమ్ము లోపలి అంచుకు పట్టి, ఎండలో ఇటుకలా గట్టిపడుతుంది. పైన నీళ్లు కొట్టి కడిగితే బండి శుభ్రంగా కనబడుతుంది, లోపలి పెళ్ల మాత్రం అక్కడే ఉంటుంది.

అది ఎంత పని చేస్తుందో లెక్క వేసి చూపిస్తాను. 215/75 ఆర్15 టైరు వ్యాసం దాదాపు 703 మిల్లీమీటర్లు. 70 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు సుమారు తొమ్మిదిసార్లు తిరుగుతుంది. రిమ్ము అంచు దగ్గర 100 గ్రాముల మట్టి పెళ్ల ఉంటే, ఆ వేగంలో అది చక్రాన్ని బయటికి లాగే బలం దాదాపు ఐదున్నర కిలోలు. అంటే సెకనుకు తొమ్మిదిసార్లు, ప్రతిసారీ ఐదున్నర కిలోల గుంజుడు. ఎక్కడైనా లూజు ఉన్న ఇరుసుకు ఇంతకంటే పెద్ద రెచ్చగొట్టుడు అక్కరలేదు. మట్టి గీకిన తరువాతనే బ్యాలెన్సింగ్ చేయించండి, మట్టి మీద చేసిన బ్యాలెన్సింగ్ ఆ మట్టి రాలిన రోజున తప్పుతుంది.

ఒక తేడా కూడా గమనించండి. ఒక వేగం దగ్గర మొదలై, ఇంకా వేగం పెంచితే పోయే సన్నని వణుకు టైరు బ్యాలెన్సుది. దెబ్బతో మొదలై, వేగం బాగా తగ్గితే గానీ ఆగని పెద్ద ఊపు లూజుది. మీరు రాసింది రెండో రకం. బ్యాలెన్స్ చేస్తే మీ సమస్య మొత్తం పోతుందని నేను అనడం లేదు, అది లేకుండా మిగతా పరీక్షలు చేస్తే గందరగోళపడతారని అంటున్నాను.

స్టీరింగ్ మధ్యకు రాకపోవడం క్యాస్టర్ తగ్గడం వల్ల. క్యాస్టర్ అంటే చక్రం తిరిగే కీలుకు ఉండే వాలు. సైకిల్ ముందు ఫోర్కు కొంచెం వాలుగా ఉండడం చూశారు కదా, చేతులు వదిలినా చక్రం తిన్నగా పోవడానికి ఆ అమరిక కూడా తోడ్పడుతుంది. మీ బండి ముందు ఇరుసును రెండు పొడవాటి ఆర్ములు పట్టి ఉంచుతాయి. స్ప్రింగు ఎత్తు పెంచితే ఇరుసు కిందికి దిగి, ఆ ఆర్ములతో పాటు కొంచెం మెలి తిరుగుతుంది, ఆ మెలిలో వాలు తగ్గిపోతుంది. అలైన్‌మెంట్ యంత్రం మీద దాన్ని కొలవవచ్చు గానీ, ఈ ఇరుసుకు అక్కడ తిప్పి సరిచేసే బోల్టు ఏదీ ఉండదు, టో (రెండు ముందు చక్రాలు ఎంత లోపలికి, బయటికి చూస్తున్నాయన్నది) ఒక్కటే సర్దగలం. క్యాస్టర్ సరిచేయాలంటే రంధ్రం పక్కకు ఉన్న ప్రత్యేక బుష్‌లు వేయాలి. మీ లిఫ్ట్ కిట్టుతో అవి ఇచ్చారా, ఇస్తే సరైన వైపుకు తిప్పి బిగించారా అన్నది అడగండి. తిరగేసి బిగిస్తే ఉన్న వాలు కూడా పోతుంది. క్యాస్టర్ తగ్గి స్టీరింగ్ సరిగ్గా తిరిగి రాని బండికి బరువైన రెండు డాంపర్లు వేస్తే, అవి తిరిగి వచ్చే ఆ కొద్దిపాటి బలాన్ని కూడా పట్టి ఆపుతాయి. ప్రతి మలుపు తరువాత మీరే చేతితో మధ్యకు లాక్కోవలసి వస్తుంది.

ఇంటి దగ్గర చేయగలిగింది మరొకటి ఉంది. మేస్త్రీల తూకం గుండు తీసుకొని, సమంగా ఉన్న గచ్చు మీద బండి నిలిపి, ఎడమా కుడీ మడ్‌గార్డు అంచుల నుంచి దారం వేలాడదీసి, దారానికీ టైరుకూ మధ్య దూరం కొలవండి. లేటరల్ రాడ్ ఒక కొన చాసిస్‌కు, ఒక కొన ఇరుసుకు ఉంటుంది కాబట్టి, బండి పైకి లేచినప్పుడు ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది. రెండు వైపులా తేడా బాగా కనబడితే పొడవు సర్దుకోగల రాడ్ గురించి ఆలోచించాలి.

అచ్చంపేట అడవి దారి

పెద్దలిద్దరి మాటలతో నాకు చాలావరకు ఏకీభావం ఉంది, కానీ ఒక చోట వేరుగా చెప్పాలి. అసలు లోపం మరో చోట ఉందన్న మాట నిజమే గాని, దాన్ని పట్టుకొని కొందరు పాడైన డాంపర్‌ను అట్లాగే వదిలేస్తున్నారు. అది కూడా తప్పే. ఇట్లాంటి గట్టి ఇరుసుకు డాంపర్ అవసరమని తయారీదారులే నిర్ణయించి పెట్టారు, అలంకారానికి కాదు. నేను నెలకు రెండుసార్లు మన్ననూరు మీదుగా దోమలపెంట వైపు వెళ్తాను. ఆ ఘాటు మలుపులలో ఒక పక్క గోడ, ఒక పక్క లోయ ఉన్నప్పుడు, రాయి తగిలి స్టీరింగ్ చేతిలో నుంచి విదిలించుకుంటే సర్దుకునేందుకు చోటు ఉండదు. డాంపర్ బాగున్న రోజుకూ, పాడైన రోజుకూ ఆ తేడా నా మణికట్టుకు తెలుసు.

కాబట్టి చేతి పరీక్షలో అది తప్పితే మార్చండి, లూజులు బిగించిన తరువాతనే మార్చండి, కంపెనీ ఇచ్చిన రకమే వేయండి. ఎక్కువ ఒత్తిడి గ్యాస్ నింపిన డాంపర్ కడ్డీ ఎప్పుడూ బయటికే తోస్తూ ఉంటుంది. షాక్ అబ్సార్బర్‌గా నిలువుగా ఉన్నప్పుడు ఆ తోపుడును బండి బరువు మింగుతుంది, స్టీరింగ్‌కు అడ్డంగా ఉన్నప్పుడు అది చక్రాలను ఒక పక్కకు నెడుతుంది. నా మిత్రుడు ఒకరు ఆ తోపుడును అలైన్‌మెంట్ లోపం అనుకొని నాలుగు షెడ్లు తిరిగారు. ఎదురెదురుగా రెండు పెడితే ఆ నెట్టుడు సరిపోతుంది గాని, జడ్చర్ల వారు చెప్పినట్టు స్టీరింగ్ తిరిగి రావడానికి అవి అడ్డుపడడం మిగులుతుంది.

ఏ డాంపర్ వేసినా, బిగించిన తరువాత స్టీరింగ్‌ను రెండు పక్కలా చివరిదాకా తిప్పి కింద చూడండి. కడ్డీ పూర్తిగా లోపలికి పోయి గుద్దుకోకూడదు, పూర్తిగా బయటికి వచ్చి లాగబడకూడదు. స్టీరింగ్ ఆగవలసినది ఇరుసు మీది స్టాపర్ల దగ్గర, డాంపర్ కొన దగ్గర కాదు. దాని ఒక కొన చాసిస్‌కు ఉంటే లిఫ్ట్ తరువాత కోణం మారి ఈ లెక్క తప్పవచ్చు. రెండు కొనలూ ఇరుసు వైపే ఉంటే లిఫ్ట్‌తో దాని పొడవుకు సంబంధం లేదు.

టైర్ల కోసం చక్రాల వెనుక స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే పళ్లేలు) ఏమైనా వేశారా? వేసి ఉంటే అది కూడా రాయండి. చక్రం బయటికి జరిగిన కొద్దీ రాయి దెబ్బకు స్టీరింగ్‌ను లాగే బలం పెరుగుతుంది.

సూర్యాపేట న్యాయవాది

యంత్రం గురించి నాకు తెలియదు, చిన్న విషయం మాత్రం చెబుతాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న తయారీదారు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే లిఫ్ట్ సంగతి క్లెయిము దగ్గర తప్పక పైకి వస్తుంది. మరమ్మతు బిల్లులు, అలైన్‌మెంట్ కాగితాలు దాచుకోండి, బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేసి వారి జవాబు తీసుకోండి.

సాగర్ రోడ్డు, నల్లగొండ

పదహారు రోజుల తరువాత రాస్తున్నాను. అందరికీ చేతులెత్తి నమస్కారం. స్పేసర్లు లేవు. బీమా సంస్థకు ఉత్తరం పంపాను, జవాబు కోసం చూస్తున్నాను.

మొదట చక్రాలు విప్పాను. ఎడమ ముందు రిమ్ము లోపల, అంచు పొడవునా జానెడు మేర మట్టి పట్టి ఉంది. ఉలితో కొట్టి తీసి ఇంట్లో కాటాలో వేస్తే 140 గ్రాములు తూగింది. జడ్చర్ల వారి లెక్క చదివిన తరువాత ఆ పెళ్లను చేతిలో పట్టుకుంటే నాకు ఒళ్లు జలదరించింది.

తరువాత మా తమ్ముడు లోపల కూర్చొని స్టీరింగ్ ఆడించగా నేను కింద చూశాను. మొదటి కీలు దగ్గరనే దొరికింది. లేటరల్ రాడ్ చాసిస్ వైపు కొన మీద వేలు పెట్టగానే, స్టీరింగ్ దిక్కు మారిన ప్రతిసారీ టుక్కు టుక్కుమని తగిలింది. విప్పి చూస్తే బుష్ లోపలి రబ్బరు ఒక పక్క పూర్తిగా చీలిపోయి, ఇనుప గొట్టం ఊడి తిరుగుతున్నది. ఐదు నెలల్లో కొత్త బండి బుష్ ఎందుకు చీలిందో అర్థం కాక ఇక్కడి ఒక మిస్త్రీని అడిగాను. లిఫ్ట్ చేసినప్పుడు బండి జాకీ మీద ఉండి, ఇరుసు కిందికి వేలాడుతుండగానే బోల్టు బిగించి ఉంటారని ఆయన చెప్పారు. అట్లా బిగిస్తే బండి కిందికి దిగినప్పటి నుంచి రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉంటుందట, ప్రతి గుంతకూ ఇంకా మెలి పడి త్వరలోనే చీలుతుందట. ఈసారి బుష్‌లు మార్చి, బోల్టులు వేలితో మాత్రమే తిప్పి, బండిని నాలుగు చక్రాల మీద దించి రెండుసార్లు కిందికీ పైకీ ఊపి, అప్పుడు మాన్యువల్‌లో ఉన్న టార్క్ (బిగించే బలం) మేరకు బిగించాము. ముందు ఆర్ముల బోల్టులు కూడా అదే తీరుగా వదులు చేసి మళ్లీ బిగించాము. కింగ్ పిన్‌లో, టై రాడ్ ఎండ్లలో ఆట లేదు.

పాత డాంపర్‌ను ఉంచే, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద 40 నుంచి మొదలుపెట్టి పది పది పెంచుతూ 80 దాకా పోయి చూశాను. అదే వంతెన జాయింటు మీద 70తో పోయాను, చక్రం తగిలింది, స్టీరింగ్ ఒక్కసారి కదిలి ఊరుకుంది. పక్కకు ఆపి కొంతసేపు అట్లాగే కూర్చున్నాను.

ఆ తరువాత డాంపర్ విప్పి చూశాను. నొక్కేటప్పుడు బాగుంది, లాగేటప్పుడు మధ్యలో రెండు వేళ్ల వెడల్పు మేర ఖాళీగా జారింది. అచ్చంపేట వారి మాట ప్రకారం కంపెనీ డాంపర్ ఒక్కటే తెప్పించి వేశాను. రెండు పక్కలా చివరిదాకా తిప్పితే కడ్డీ ఎక్కడా గుద్దుకోవడం లేదు. మట్టి రోడ్డు మీద చేతికి వచ్చే దెబ్బ బాగా తగ్గింది. రెండు డాంపర్ల కిట్టు ఆలోచన మానేశాను.

క్యాస్టర్ ఇంకా మిగిలి ఉంది. లిఫ్ట్ కిట్టు పెట్టెలో ఆ బుష్‌లు లేనే లేవని బిల్లు చూస్తే తెలిసింది. తెప్పిస్తున్నాను. వచ్చే వారం జడ్చర్ల వారి షెడ్డుకే తీసుకువస్తాను, ముందూ వెనుకా రెండు కొలతల కాగితాలూ కావాలి. ఒక సందేహం: ఆ బుష్‌లు వేసిన తరువాత ఇప్పుడు బిగించిన లేటరల్ రాడ్ బోల్టును మళ్లీ వదులు చేయవలసి ఉంటుందా?

జడ్చర్ల అలైన్‌మెంట్ షెడ్డు

అక్కరలేదు, క్యాస్టర్ బుష్‌లు ఆర్ములకు సంబంధించినవి. ఆర్ముల బోల్టులను మాత్రం మళ్లీ చక్రాలు నేల మీద ఉండగానే బిగించాలి, అది నా ముందే చేద్దాం. పొద్దున తొమ్మిదికి వస్తే మిషన్ ఖాళీగా ఉంటుంది. వచ్చే ముందు రోజు తోటకు పోకండి, పోతే రిమ్ములు లోపలి నుంచి కడుక్కొని రండి.

పాలమూరు పాత జిప్సీ, మహబూబ్‌నగర్

చాలా సంతోషం. వెయ్యి కిలోమీటర్లు తిరిగిన తరువాత ఆ లేటరల్ రాడ్ బోల్టుల మీద టార్క్ రెంచి పెట్టి ఒకసారి చూడండి, కొత్త బుష్ సర్దుకున్నాక బిగువు కొంచెం తగ్గవచ్చు. బోల్టు తలకూ చాసిస్‌కూ కలిపి పెయింటుతో ఒక గీత గీసి ఉంచుకుంటే, అది కదిలిందా లేదా అన్నది ప్రతిసారీ రెంచి లేకుండానే వంగి చూస్తే తెలిసిపోతుంది. నేను తెల్ల రంగు వాడతాను, ఎర్రమట్టి మీద కూడా కనబడుతుంది.